కొలువు మెట్టు మీద థోర్ గాలం: వైకింగ్ ఓడ సెట్టుపై ఒక సమీక్ష

అమలాపురంలోని మా అత్తవారింట్లో ఏటా భోగి నాడు బొమ్మల కొలువు పెట్టి ముక్కనుమ దాకా ఉంచుతారు. ఏడు మెట్లలో అడుగు మెట్టును ఈసారి మా అత్తగారు ఆరో తరగతి చదువుతున్న మనవరాలికి వదిలేశారు. అయితే ఒక షరతు పెట్టారు: కథ లేని బొమ్మ కొలువులో కూర్చోకూడదు. మా అమ్మాయి ఉత్తరాది సముద్రాల కథలు, అంటే నార్వే, ఐస్లాండుల పాత దేవతల కథలు చదువుతున్న రోజులవి. అందుకే ప్లాస్టిక్ ఇటుకలతో బొమ్మలు కట్టుకునే లెగో వారి 31132 నంబరు సెట్టు కొనిపించుకుంది. 2022లో విడుదలైన ఆ సెట్టు పేరులోనే వైకింగ్ (వెయ్యేళ్ల కిందటి ఉత్తరాది సముద్ర దండయాత్రికుల) ఓడ, మిడ్‌గార్డ్ సర్పం రెండూ ఉన్నాయి. మొత్తం 1,192 ముక్కలు. నెలన్నర పాటు దాన్ని కట్టి, విప్పి, మళ్లీ వేరుగా కట్టిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఓడగా ఈ సెట్టు మంచిదే కానీ, దానిలోని అసలు సరుకు ఓడను విప్పిన తరువాత గానీ బయటపడలేదన్నది నా అభిప్రాయం.

పార్సిలు మా ఇంటికి చేరేసరికి పెట్టె ఒక మూల నలిగిపోయి ఉంది. తెచ్చినవారు దానిమీద ఏమి పేర్చారో తెలియదు. అదృష్టవశాత్తు లోపలి ముక్కలకు ఏమీ కాలేదు. సెట్టును మూడు రకాలుగా కట్టుకోవచ్చు. కట్టే విధానమంతా బొమ్మల్లోనే చూపారు కాబట్టి భాషతో పని లేదు, చదవడం రాని పిల్లలు కూడా అనుసరించగలరు. మూడో రకం జోలికి మేము ఇంకా వెళ్లలేదు.

ఓడ సంగతికి వస్తే, నేను తాళ్లరేవు ఆడపడుచును. మా తాతగారు అక్కడ చెక్క పడవలు కట్టిన మేస్త్రి. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుపానులో సముద్రం పొంగి ఊరిని ముంచేసిన తరువాత ఆ వైభవం మళ్లీ రాలేదు గానీ, పడవలు కట్టే విద్య మాత్రం ఆ చుట్టుపక్కల నిలిచింది. అందువల్ల ఏ పడవ బొమ్మను చూసినా నా కళ్లు ముందుగా దాని పక్క పలకల మీదికే పోతాయి. మా తాతగారు పలకను పలక అంచుకు ఆనించి, సందుల్లో దూది కూరి, గుగ్గిలం పట్టించేవారు. వైకింగుల పద్ధతి వేరు. వారు పెంకుటింటి పెంకుల మాదిరిగా ఒక పలక అంచు మీదికి మరొక పలక ఎక్కేటట్టు పేర్చి, ఇనుప మేకులతో బిగించి, మధ్యలో తారు పట్టించిన ఉన్నిని కూరేవారు. బరువు తక్కువ, అలకు కొంచెం వంగుతుంది, లోతు లేని నదుల్లోకి కూడా దూరిపోతుంది. వారి దండయాత్రల రహస్యంలో సగం ఆ పలకల్లోనే ఉంది.

ఈ సెట్టు ఆ విద్యను చూపగలిగిందా అంటే, పూర్తిగా లేదనే చెప్పాలి. ప్లాస్టిక్ ఇటుకల ప్రపంచంలో ప్రతిదీ 8 మిల్లీమీటర్ల గడుల మీద నడుస్తుంది. ఇటుక పైనుండే ఒక బొడిపెకూ పక్క బొడిపెకూ మధ్య దూరం అంతే. ఆ గడుల మీద ఓడ పక్కల వంపును మెట్టుమెట్టుగా తేగలరే గానీ, ఒకే పలక మొదటి నుంచి చివరి దాకా మెలి తిరిగి అణియం (ఓడ ముందు కొన) దగ్గర పైకి లేచే అందాన్ని తేలేరు. అయినా ముందున్న మృగం తల, పక్కల వరుసగా గుండ్రటి డాళ్లు, నడుమ తెరచాప, ఈ మూడూ కలిసి దూరం నుంచి చూసినవారికి వైకింగ్ ఓడ అని తెలియజెప్పడానికి చాలు. డాళ్ల వరుసకు చరిత్రలో ఆధారం కూడా ఉంది: నార్వేలో 1880లో తవ్వి తీసిన గోక్‌స్టాడ్ ఓడకు ఒక్కొక్క పక్క 32 డాళ్లు, పసుపు, నలుపు రంగులవి, కట్టి ఉన్నాయి.

కొలతల విషయంలో మాత్రం కాస్త లెక్క చూడవలసి వచ్చింది. ఈ సెట్లలోని మనిషి బొమ్మ, అంటే మినీఫిగర్, సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ మనిషి కొలతకు నార్వేలోనే 1904–05లో తవ్వి తీసిన ఓసెబెర్గ్ అనే వైకింగ్ ఓడను కట్టాలంటే, అసలు ఓడ పొడవు 21 మీటర్ల పైచిలుకు కాబట్టి, బొమ్మ దాదాపు అర మీటరు ఉండాలి. సెట్టులోని ఓడ అంతకన్నా పొట్టిది. ఓసెబెర్గ్ ఓడకు 15 జతల తెడ్లు. ఈ పెట్టెలోని మనుషుల సంఖ్యతో ఆ తెడ్లకు చేతులు పంచడం అసాధ్యం. కొలువు మెట్టు వెడల్పు జానెడే కనుక పొట్టి ఓడే మాకు అనుకూలించింది గానీ, విడిగా బల్ల మీద పెట్టుకునేవారికి మరో పది మంది మనుషులు లేకపోతే ఓడ నిర్జనంగా కనిపిస్తుంది.

ఇక కథ విషయం. మా అత్తగారి షరతు ఇక్కడే అడ్డం వచ్చింది. ఓడ నిండా యోధులు, ఎదురుగా పడగెత్తిన సర్పం అన్న దృశ్యం కంటికి బాగుంటుంది. ఇదే సంస్థ 2005లో వైకింగుల వరుసను మొదలుపెట్టినప్పుడు కూడా ఓడనూ ఈ సర్పాన్నే ఎదురెదురుగా నిలిపింది. కానీ పాత కథల్లో నాకు తెలిసిన ప్రసిద్ధ ఘట్టం అది కాదు. లోకి అనే మాయావి దేవుడి సంతానమైన ఈ యోర్మున్‌గాండ్ అనే పామును దేవతల పెద్ద ఓడిన్ సముద్రంలోకి విసిరివేస్తాడు. అది అక్కడ పెరిగి పెరిగి భూమిని చుట్టి తన తోకను తానే కరుచుకుంటుంది. పిడుగుల దేవుడు థోర్ దాన్ని పట్టడానికి వెళ్లింది యుద్ధనౌకలో కాదు, హిమిర్ అనే రాక్షసుడితో కలిసి ఇద్దరే ఎక్కిన చేపల పడవలో. చేతిలో గాలం, గాలానికి ఎరగా ఎద్దు తల. పాము ఎరను మింగి లాగినప్పుడు థోర్ ఎంత బలంగా తన్ని నిలబడ్డాడంటే, అతని కాళ్లు పడవ అడుగును చీల్చుకుని సముద్రపు నేలను తాకాయట. స్వీడన్‌లోని ఆల్తునా గ్రామంలో 11వ శతాబ్దపు రాతి మీద ఈ ఘట్టం చెక్కి ఉంది, పడవ అడుగులోంచి దిగిన పాదంతో సహా.

గాలం వేయడం తెలిసిన ప్రాంతంలో పుట్టిన పిల్ల కాబట్టి మా అమ్మాయికి ఈ కథ యుద్ధం కన్నా ఎక్కువ నచ్చింది. కట్టిన నాలుగో రోజుననే ఓడను విప్పేసింది. మా వారు, ఆ నాలుగు సాయంత్రాలూ దాని పక్కనే కూర్చుని కట్టినవారు, ఒక పూట మాట్లాడలేదు.

ఓడ పక్కలనుంచి వచ్చిన గోధుమరంగు ముక్కలతో చిన్న చేపల పడవ కట్టడం కష్టం కాలేదు. కష్టమంతా థోర్ కాలి దగ్గర వచ్చింది. మినీఫిగర్ కాళ్లు ముందుకూ వెనక్కూ కదులుతాయే గానీ పక్కకు చాచుకోవు. రెండు కాళ్లనూ పడవ అడుగులోంచి దింపితే మనిషి నడుము దాకా మునిగి పిల్లవాడిలా కనిపించాడు. మూడు ప్రయత్నాలు చెడిన తరువాత దొరికిన ఉపాయం ఇది: అడుగున ఒక బొడిపె వెడల్పు, రెండు బొడిపెల పొడవు ఖాళీ వదిలి, ఒక కాలిని నిటారుగా ఆ సందులోంచి కిందికి దింపి, రెండో కాలిని ముందుకు పూర్తిగా మడిచి పడవ పలక మీద చాపాము. ఒక కాలు పలకకు తన్నిపెట్టి, ఒక కాలు నీళ్లలోకి దిగి, ఒళ్లంతా వెనక్కి లాగుతున్న భంగిమ సరిగ్గా కుదిరింది. 1978లో రూపుదిద్దుకున్న ఆ కాళ్ల కీలు ఇంత పనికి వస్తుందని నేను అనుకోలేదు. పడవ కింద రెండు వరుసల ఇటుకలు లేపి, ముందు వైపు తెరిచి ఉంచితే, నీటి కింద వేలాడే కాలు మెట్టు ముందు నిలబడ్డవారికి కనిపిస్తుంది.

సర్పాన్ని కీళ్ల దగ్గర వంచుకోవచ్చు. ఈ సెట్టులో నాకు అన్నింటికన్నా నచ్చినది అదే. అయితే పామును మొత్తంగా నీటి మీద పరిస్తే కొలువు మెట్టు మీద తాడులా ఉంది. దాన్ని మూడు తునకలుగా విడదీసి, తలను పడవ ముందు, ఒక మడతను పడవ వెనుక, తోకను మెట్టు చివర ఉంచేసరికి, కనపడని భాగమంతా నీటి కింద ఉన్నట్టు చూసేవారే ఊహించుకున్నారు. తక్కువ ముక్కలతో పాము పెద్దదైంది.

నీరు మాత్రం మేము సమకూర్చుకోవలసి వచ్చింది. అడ్డంగా, నిలువుగా 32 బొడిపెల చొప్పున ఉండే నీలం బేస్‌ప్లేట్లు (అడుగు పలకలు) రెండు విడిగా కొన్నాము; ఒక్కొక్కటి పావు మీటరుకు రవ్వంత ఎక్కువ. వాటిమీద పారదర్శకంగా ఉండే నీలం ముక్కలను అక్కడక్కడ పరిచి, పడవ అణియం కింద తెల్లటి వాలు ఇటుకలను నురుగులా పెట్టాము. ఒక తప్పు చేశాము: మొదట నీళ్లంతా ఒకే నీలంతో కట్టడం. అంతర్వేది దగ్గర సముద్రం చూసిన పిల్ల అది ఈత కొలనులా ఉందని తేల్చేసింది. తరువాత ముదురు నీలం, ఆకుపచ్చ, బూడిదరంగు ముక్కలు కలిపి, ఒడ్డు వైపు బంకమన్ను రంగు ముక్కలు చేర్చింది. ఉత్తర సముద్రంలో గోదావరి ఎర్రనీరు ఎందుకు కలుస్తుందని నేను అడగలేదు.

మనుషులు చాలక జిల్లా కేంద్రంలోని ఒక దుకాణంలో విడిగా అమ్ముతున్న అనుకరణ బొమ్మలు ఐదు తెచ్చాము. చవకే గానీ పట్టు లేదు. పలక మీద నిలిపితే ఫ్యాను గాలికే ఒరిగిపోయాయి, ఒకదాని చెయ్యి మొదటి రోజే ఊడింది. పైగా వాటి శిరస్త్రాణాలన్నింటికీ కొమ్ములు. వైకింగులు కొమ్ముల టోపీలతో యుద్ధం చేశారనడానికి ఆధారం లేదు. ఆ ఊహ స్థిరపడింది 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ అనే స్వరకర్త సంగీత నాటకానికి కార్ల్ ఎమిల్ డెప్లర్ రూపొందించిన వేషాల వల్ల. నార్వేలో 1943లో దొరికిన గెర్ముండ్‌బు శిరస్త్రాణం గుండ్రంగా, కళ్లద్దాల చట్రం వంటి ఇనుప కాపుతో ఉంటుంది. కొమ్ముల జాడ లేదు. మేము కొమ్ములు ఊడదీసి, వాటిలో రెంటిని ఎద్దు తలకు అతికించాము. ఎర కుదిరింది.

నిర్వహణ గురించి ఒక్క మాట. మా వైపు తేమకు అట్టపెట్టె మెత్తబడుతుంది, కాగితపు పుస్తకాలకు బూజు పడుతుంది. ముక్కలకు ఏమీ కాదు. ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం పెట్టకూడదు, తెల్ల ముక్కలు పసుపురంగుకు తిరుగుతాయి. వంటింటి జిడ్డు పడితే 40 డిగ్రీలకు మించని గోరువెచ్చటి నీటిలో కడిగి నీడన ఆరబెట్టాలి. మా అత్తగారు వేడినీళ్లు కాచబోతే ఆపవలసి వచ్చింది.

ధర మా ఇంటి ఒక నెల పచారీ సామాను ఖర్చును మించింది. పుస్తకంలో చూపినట్టు ఒకసారి కట్టి అద్దాల బీరువాలో పెట్టుకోవాలనుకునేవారికి ఈ ఖర్చు దండగ అని నా అభిప్రాయం. అందుకోసమైతే తాళ్లరేవు మేస్త్రి చేత చెక్క పడవ బొమ్మ చేయించుకోవడం మేలు. విప్పడానికి చెయ్యి ఆడేవారికి, కథ తెలిసిన పిల్లలకు మాత్రం సందేహం లేకుండా కొనమని చెబుతాను. ముక్కల పట్టు అంత బాగుంది: ఈ నెలన్నరలో ఓడను కనీసం అయిదుసార్లు విప్పి ఉంటాము, ఒక్క ముక్క వదులు కాలేదు.

భోగి సాయంత్రం పేరంటానికి వచ్చినవారిలో సగం మంది పామును ఆదిశేషుడనుకున్నారు, కొందరు కాళీయుడన్నారు. భూమిని మోసేది ఒకటి, చుట్టుకునేది ఒకటి అని మా అమ్మాయి ప్రతివారికీ విడమరిచి చెప్పింది. లోకం అంతమయ్యే చివరి రోజున థోర్ దాన్ని చంపి, దాని విషానికి తొమ్మిది అడుగులు నడిచి తానూ పడిపోతాడని కూడా చెప్పింది. మా అత్తగారు విని, కథ ఉందని ఒప్పుకున్నారు.

ఓడలరేవు నుంచి మాకు చేపలు తెచ్చే సత్తెమ్మ పిన్ని మెట్టు ముందు చాలాసేపు కూర్చుంది. గాలానికి మేము కట్టిన కుట్టుదారాన్ని వేలితో మీటి, "ఇంత పాముకి ఈ దారం ఆగుద్దా అమ్మడూ?" అని అడిగింది. రాక్షసుడు భయపడి ఎలాగూ తాడు కోసేస్తాడని మా అమ్మాయి చెబితే, కోసేదైనా ముందు ఆగాలి కదా అంది. మరునాడు చేపలతో పాటు జానెడు నైలాను వలతాడు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు థోర్ చేతిలో ఉన్నది అదే.