వైబ్రాటో సాధనకు ఏది మేలు: పొట్ట ఊపా, మెట్రోనోమా, వచ్చేదాకా ఆగడమా?

వైబ్రాటో అంటే సాగే స్వరం ఎత్తు కొద్దిగా పైకీ కిందికీ క్రమంగా ఊగడం. ముందు లక్ష్యమేమిటో తెలియాలి. వినసొంపైన వైబ్రాటో సెకనుకు 5 నుంచి 7 సార్లు ఊగుతుంది. ఆ ఊగు వెడల్పు మొత్తం కలిపి అర స్వరం, అంటే షడ్జానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఉన్నంత దూరం. 1930ల్లో అయోవా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ సీషోర్ బృందం పేరున్న గాయకుల గొంతులను కొలిచినప్పుడు తేలిన అంకెలూ దాదాపు ఇవే. 5 కన్నా తగ్గితే గొంతు తూలినట్టుంటుంది, 7 దాటితే మేక అరుపవుతుంది.

మూడింట్లో ఏ దారి పట్టినా ఒక షరతుంది. తంబూరా యాప్ పెట్టుకుని, మధ్యస్థాయి షడ్జాన్ని అకారంలో 8 నుంచి 10 సెకన్లు శ్రుతి జారకుండా నిలపగలగాలి. నిలవని స్వరాన్ని ఊపితే అపశ్రుతి ఇంకా పెద్దగా వినిపిస్తుంది, అంతే.

పొట్ట ఊపు అందరికీ ముందుగా దొరికే చిట్కా. స్వరం పట్టి, పక్కటెముకల కింద అరచేత్తో సెకనుకు మూడు నాలుగు సార్లు మెల్లగా నొక్కుతారు. మొదటి రోజే ఏదో ఊగినట్టు వినిపిస్తుంది కాబట్టి ఉత్సాహం వస్తుంది. కానీ అక్కడ ప్రధానంగా ఊగేది శబ్దం హెచ్చుతగ్గు. స్వరం ఎత్తు ఊగేది కొద్దిగానే. పొట్ట కండరాలు అంత వేగంగా కదలలేవు గనక చాలామంది సెకనుకు 4 దగ్గరే ఆగిపోతారు. పైగా ప్రతి ఊపుకీ ‘హ’ చేరి దమ్ము సగంలోనే అయిపోతుంది. గొంతు బిగిసిపోయి అసలు ఏమీ కదలనివాళ్లు ఊగడమంటే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒకటి రెండు వారాలు చేయొచ్చు. అదే అలవాటైతే వదిలించుకోవడం కష్టం.

మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ దెబ్బలు కొట్టే పరికరం) పద్ధతి విసుగు పుట్టిస్తుంది, కానీ లెక్క తప్పదు. నిమిషానికి 60 దెబ్బలు పెట్టి స-రి₁ (షడ్జం, శుద్ధ రిషభం) జంటను ఊకారంలో పాడాలి. మొదట దెబ్బకు ఒక జంట, తర్వాత రెండు, మూడు, నాలుగు. నాలుగు జంటలంటే సెకనుకు 4 ఊగులు. అక్కడ స్థిరపడ్డాక వేగాన్ని రోజుకు రెండేసి దెబ్బల చొప్పున పెంచుతూ 84కి చేరితే 5.6 వస్తుంది. ఎక్కడైనా స్వరాలు అలుక్కుపోతే 4 దెబ్బలు వెనక్కి రావాలి. ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు దవడతో ఊపడం. చూపుడువేలు గడ్డం మీద పెట్టుకుని అద్దంలో చూడండి. వేలు కదిలిందంటే అది గొంతు వైబ్రాటో కాదు. ఇంకో తప్పు, ఊగు ఒకవైపే జారడం. ఫోన్‌లో స్వరం ఎత్తును గీతగా చూపే యాప్‌లో 4 సెకన్లు రికార్డు చేస్తే, అలలు అసలు స్వరానికి కిందే ఉన్నాయో రెండు పక్కలా ఉన్నాయో కనిపిస్తుంది. ఒక సెకనులో అలలు లెక్కపెడితే వేగమూ తెలుస్తుంది.

మూడోది, బిగువు వదిలి దానంతట అది వచ్చేదాకా ఆగడం. సన్నని స్ట్రాలోకి ఊదుతూ కింది నుంచి పైకి స్వరం జార్చడం, ఒకే స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గించడం ఇందులో ప్రధాన సాధనలు. ఇలా వచ్చే వైబ్రాటో సహజంగా ఉంటుంది. చిక్కేమిటంటే ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేం, కొందరికి నెలల తరబడి జాడే ఉండదు.

మా మొగ్గు మెట్రోనోమ్ వైపే. రోజుకు 10 నిమిషాలు అది, దానికి ముందు 5 నిమిషాలు స్ట్రా. గొంతులో గరగర మొదలైతే ఆ పూటకు ఆపేయండి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు వేరే సమస్య. వాళ్ల గొంతుకు కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, ముందే వచ్చు, దాంతో రెండూ ఒకటే అనుకుంటారు. కంపితం రాగాన్ని బట్టి ఒక్కో స్వరానికి ఒక్కోలా ఉంటుంది. తోడి రాగంలో గాంధారం ఊగితేనే అది తోడి, షడ్జ పంచమాలు మాత్రం కదలకుండా నిలవాలి. వైబ్రాటోకు అలాంటి పట్టింపు లేదు, ఏ స్వరం మీదైనా ఒకే తీరుగా చిన్నగా ఊగుతుంది. కాబట్టి కృతిలో పంచమం మీద వైబ్రాటో వేస్తే గురువుగారు ఊరుకోరు. లలిత గీతంలో చరణం చివరి సాగదీత మీద అదే పంచమానికి అందం వస్తుంది. రెండు సాధనలనూ ఒకే పూట కలపకపోవడం మంచిది.

పాటలోకి తెచ్చేటప్పుడు సాగే స్వరాన్ని మొదటి సెకను, సెకనున్నర నిటారుగా పట్టి, ఆ తర్వాతే ఊగనివ్వాలి. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి గనక పాదం చివర చోటు బాగా దొరుకుతుంది. అన్ని అచ్చులూ ఒకేలా లొంగవు. ‘ఊ’, ‘ఓ’ తేలిక, వాటి తర్వాత ‘ఆ’. ‘ఈ’, ‘ఏ’ దగ్గర నాలుక పైకి లేచి బిగుస్తుంది, అందుకే ‘రావే’, ‘స్వామీ’ లాంటి ముగింపులను ఆఖరి వారాలకు దాచుకోండి.