యాడ్‌డబ్ల్యూక్లీనర్: ఫార్మాట్ కొట్టించే ముందు వాడి చూడవలసిన ఉచిత సాధనం

ఇంట్లోని కంప్యూటర్‌లో క్రోమ్ తెరవగానే ఎవరూ పెట్టని సెర్చ్ పేజీ ప్రత్యక్షమవుతుంటే, ఏ లింకు నొక్కినా పక్కన మరో ప్రకటన తెరుచుకుంటుంటే, రిపేరు దుకాణంలో వచ్చే సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే: వైరస్ ఎక్కింది, ఫార్మాట్ కొట్టాలి. డెస్క్‌టాప్ మీద దాచుకున్న ఫోటోలు, పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు వేరే చోటికి మార్చుకుని, విండోస్ మళ్లీ ఎక్కించుకుని, ప్రింటర్ డ్రైవర్లు వెతుక్కుని, ఇంత శ్రమా పడిన తరవాత పాత గూగుల్ ఖాతాతో క్రోమ్‌లోకి వెళితే, ఖాతాలోని సెట్టింగులను ప్రతి కంప్యూటర్‌కూ చేరవేసే సింక్ పుణ్యమా అని అదే పాడు ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాము) తిరిగి వచ్చి కూర్చునే అవకాశం ఉంది. బ్రౌజర్‌కు పట్టే ఇలాంటి పీడకు చాలా సందర్భాల్లో అంత పెద్ద వైద్యం అక్కరలేదన్నది మాల్‌వేర్‌బైట్స్ సంస్థ ఉచితంగా ఇచ్చే యాడ్‌డబ్ల్యూక్లీనర్‌ను బంధువుల కంప్యూటర్లలో వాడిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం. అయితే అది పనిలో సగమే చేస్తుందనీ, మిగిలిన సగం బ్రౌజర్ సెట్టింగుల్లో మనమే కూర్చుని చేసుకోవాలనీ ముందే చెప్పడం న్యాయం.

ఎక్స్‌ప్లోడ్ అనే మారుపేరుతో పనిచేసిన ఒక డెవలపర్ తయారుచేసిన ఈ ప్రోగ్రామును 2016లో మాల్‌వేర్‌బైట్స్ తనలో కలుపుకుంది. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయవలసిన పని లేదు. దించుకున్న ఒక్క చిన్న ఫైలునే అడ్మినిస్ట్రేటర్ అనుమతితో తెరిస్తే చాలు. కనుక నెట్ సరిగా పనిచేయని కంప్యూటర్‌కు వేరే చోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లవచ్చు.

ఇంట్లో యాంటీవైరస్ ఉండగా ఇదెందుకన్న ప్రశ్న సహజమే. బ్రౌజర్‌ను దారి మళ్లించే టూల్‌బార్లు, ప్రకటనలు కురిపించే ప్రోగ్రాములు సాధారణంగా దొంగతనంగా చొరబడవు. ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్‌నో, వీడియో డౌన్‌లోడర్‌నో ఎక్కించేటప్పుడు చదవకుండా నొక్కుతూ పోయిన నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ బటన్ల చాటున, సాంకేతికంగా మన అంగీకారంతోనే వస్తాయి. యజమానే లోపలికి రమ్మన్న మనిషిని కాపలాదారు ఆపనట్టు, చాలా యాంటీవైరస్‌లు వీటిని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. వీటికి పరిశ్రమ పెట్టిన పేరు కూడా ‘అవాంఛనీయం కావచ్చు’ అన్నంత మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తదనానికి కారణం లేకపోలేదు: తమ ఉత్పత్తులను అవాంఛనీయమని ముద్ర వేసినందుకు స్పైహంటర్ అనే భద్రతా ప్రోగ్రాము తయారీదారైన ఎనిగ్మా సాఫ్ట్‌వేర్ 2016లో మాల్‌వేర్‌బైట్స్ మీద అమెరికాలో దావా వేసింది, ఆ వివాదం ఏళ్ల తరబడి కింది కోర్టుకూ పైకోర్టుకూ మధ్య నడిచింది. కాబట్టి స్కాన్ ఫలితాల్లో కనిపించే ప్రతి పేరూ నేరస్థుడిది కాదని, అది ఒక సంస్థ తీర్పు మాత్రమేనని గుర్తుంచుకుని, జాబితా మొత్తం చదివిన తరవాతే ముందుకు వెళ్లాలి.

క్రోమ్‌లోనే ఇలాంటి శుభ్రపరిచే సాధనం ఒకటి ఉండేది. గూగుల్ దానిని 2023లో, 111వ వెర్షన్‌తో తీసివేసింది. ఆ ఖాళీని ఇంటి వాడకందారు తనంతట తాను పూరించుకోవలసిన అవసరం అప్పటినుంచి పెరిగింది.

వాడే పద్ధతి సులువు. స్కాన్ బటన్ నొక్కితే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ, వాటంతట అవే నడిచే షెడ్యూల్డ్ టాస్కులు, తెర వెనుక పనిచేసే సర్వీసులు, షార్ట్‌కట్‌లు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, సెర్చ్ సెట్టింగులు వంటి చోట్ల వెతుకుతుంది. మొత్తం హార్డ్ డిస్కును జల్లెడ పట్టదు కనుక పాత కంప్యూటర్‌లో సైతం త్వరగా ముగుస్తుంది. కంప్యూటర్ తయారీదారులు ముందుగానే ఎక్కించి పంపిన ప్రోగ్రాములను వేరే జాబితాగా చూపుతుంది. అవి అక్కరలేనివే కావచ్చు గానీ ప్రమాదకరమైనవి కానక్కరలేదు, వాటిలో కొన్ని ల్యాప్‌టాప్ హాట్‌కీలకు, డ్రైవర్ అప్‌డేట్లకు సంబంధించినవి ఉంటాయి గనుక తొందరపడి టిక్కు పెట్టకూడదు. దొరికినవాటిని విడిగా బంధించి ఉంచే క్వారంటైన్ బటన్ నొక్కగానే తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూతపడతాయి, రీస్టార్ట్ కూడా అడుగుతుంది. టైపు చేస్తున్న దరఖాస్తు ఏదైనా ఉంటే ముందే భద్రపరుచుకోవడం మేలు. తీసివేసినవి వెంటనే మాయమైపోకుండా క్వారంటైన్‌లో ఉంటాయి, పొరపాటని తేలితే వెనక్కు తెచ్చుకోవచ్చు. ఏం తీసిందో, ఏం వదిలిందో సి డ్రైవ్‌లోని తన ఫోల్డరులో లాగ్ (చేసిన పనుల చిట్టా) రాసి పెడుతుంది. దూరాన ఉన్న తల్లిదండ్రుల కంప్యూటర్‌ను ఫోనులో చెబుతూ బాగుచేయించే పిల్లలకు ఆ లాగ్ ఎంతో ఉపయోగం. దానిని వాట్సాప్‌లో పంపించుకుని చదివితే ఊహించుకోవలసిన బాధ తప్పుతుంది.

నా దృష్టిలో ఈ సాధనంలో అన్నిటికన్నా విలువైనది సెట్టింగుల్లో అంతగా కంటికి ఆనకుండా ఉండే బేసిక్ రిపేర్ భాగం. నెట్ రాకపోకలను మరో సర్వర్ గుండా పంపే ప్రాక్సీ, సైట్ల పేర్లను వాటి చిరునామాలకు జతపరిచే హోస్ట్స్ ఫైలు, విండోస్ నెట్ సంబంధాలను నడిపే విన్‌సాక్, క్రోమ్ పాలసీలు మొదలైనవాటిలో దేనిని తొలి స్థితికి తేవాలో అక్కడ ఎంచుకోవచ్చు. వీటిలో క్రోమ్ పాలసీల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఆఫీసు కాని, కాలేజీ కాని ఇవ్వని సొంత కంప్యూటర్‌లో, క్రోమ్ మెనూ అడుగున ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోందన్న అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే అనుమానించవలసిందే. పెద్ద సంస్థలు తమ ఉద్యోగుల బ్రౌజర్లను అదుపులో ఉంచుకోవడానికి గూగుల్ ఇచ్చిన పాలసీ వ్యవస్థనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) వాడుకుని, తన ఎక్స్‌టెన్షన్‌కు రిమూవ్ బటన్ లేకుండా చేస్తుంది. ఎన్నిసార్లు రీసెట్ చేసినా పోని మొండి ఎక్స్‌టెన్షన్ల వెనుక తరచుగా ఉండే రహస్యం ఇదే. కొన్ని యాంటీవైరస్‌లు కూడా సకారణంగానే ఇలాంటి పాలసీ పెడతాయి కాబట్టి, ఆ వాక్యం ఒక్కటే చూసి కంగారు పడనక్కరలేదు. ఇంటి నుంచి పనిచేసేవారు ఆఫీసు వీపీఎన్ ఉన్న యంత్రంలో ప్రాక్సీనీ విన్‌సాక్‌నూ ముట్టుకోకుండా తమ ఐటీ విభాగాన్ని అడగడం ఉత్తమం.

ఇక ఇది చేయలేని పనులు. స్కాన్ పూర్తయి, ఏమీ దొరకలేదని తేలిన తరవాత కూడా, స్క్రీన్ కుడి మూలన మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయంటూ పేరున్న యాంటీవైరస్ బొమ్మతో హెచ్చరికలు వస్తూనే ఉంటే, సాధనం విఫలమైందని అనుకోకూడదు. అక్కడ తీసివేయడానికి ప్రోగ్రామే లేదు. ఇంటర్ ఫలితాల రోజున సర్వర్ అందక ఏదో ఒక సైట్‌లోకి వెళ్లినప్పుడో, పైరసీ సినిమా సైట్‌లో మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కమన్నప్పుడో, ఇంట్లో ఎవరో ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చారన్నమాట. క్రోమ్ సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అనుమతి పొందిన జాబితాలో గుర్తుపట్టలేని పేర్లన్నీ తొలగించి, ఇకముందు ఏ సైటూ అడగకుండా పెట్టేస్తే ఆ బెడద తీరుతుంది. పైసా ఖర్చు లేని ఈ పనికి రుసుము కట్టేవారు ఉన్నారన్నది బాధాకరమైన విషయం.

సింక్ విషయంలో కూడా బాధ్యత మనదే. ఒకే ఖాతాతో రెండు మూడు కంప్యూటర్లు నడిచే ఇంట్లో ఒకదానిని శుభ్రం చేసి మరొకదానిని వదిలేస్తే పని వృథా. అన్నిటిలోనూ ముందు సింక్ ఆపి, ఒక్కొక్కటిగా ఎక్స్‌టెన్షన్లు తొలగించి, క్రోమ్ రీసెట్ చేసి, ఆ తరవాతే సింక్ తిరిగి మొదలుపెట్టాలి. రీసెట్ వల్ల బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోవు. ఎక్స్‌టెన్షన్ల సంఖ్యను ఈ సందర్భంలోనే కోసివేయడం మంచిది, ఎందుకంటే ఇవాళ మంచిదైనది రేపు కూడా మంచిదిగా ఉంటుందన్న హామీ లేదు. లక్షల మంది నమ్మకంతో వాడిన గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ చేతులు మారిన తరవాత, అందులో మాల్‌వేర్ ఉందంటూ గూగుల్ 2021 ఫిబ్రవరిలో దానిని నిలిపివేసింది. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఎక్స్‌టెన్షన్‌కే దుండగులు పాడు అప్‌డేట్ ఎక్కించగలిగారు.

పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు దొంగిలించే మాల్‌వేర్ విషయంలో ఈ సాధనం మీద ఆధారపడటం ప్రమాదం. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ గానీ, తెలుగు డీటీపీ ఫాంట్ల పేరుతో ఎవరో పెట్టిన జిప్ ఫైలు గానీ తెరిచిన తరవాత మెయిల్‌లోనో బ్యాంకులోనో మనం చేయని కదలిక కనిపిస్తే, అది ప్రకటనలు కురిపించే యాడ్‌వేర్ సమస్య కాదు. అప్పుడు శుభ్రంగా ఉన్న ఫోను నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డు, తరవాత బ్యాంకుది మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఆ కంప్యూటర్‌కు మాత్రం విండోస్ మళ్లీ ఎక్కించడమే నమ్మదగిన మార్గం.

శుభ్రం చేసిన బ్రౌజర్‌కు రక్షణ కల్పించే శక్తి కూడా దీనికి లేదు. మనం నడిపినప్పుడు మాత్రమే పనిచేసి ఊరుకుంటుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లో అవాంఛనీయ యాప్‌లను ఆపే మీట రెప్యుటేషన్ ఆధారిత రక్షణ కింద ఉంటుంది, అది వేసి ఉందో లేదో చూసుకుంటే మళ్లీ ఈ అవసరం బాగా తగ్గుతుంది. క్రోమ్‌లో ఎన్‌హాన్స్‌డ్ ప్రొటెక్షన్ ఎంచుకోవడం, ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ఒక్కటి పెట్టుకోవడం సరిపోతాయి. క్రోమ్ తన పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతిని 2025లో ముగించడంతో అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్‌కు తేలిక రూపమైన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వాడుకోవాలి, పూర్తి రూపం కావాలంటే ఫైర్‌ఫాక్స్ ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14న ముగిసిందన్న సంగతిని మాత్రం ఏ క్లీనరూ సరిదిద్దలేదు.

వాడుతున్నంతసేపూ తమ ప్రీమియం ఉత్పత్తి కొనుక్కోమని అక్కడక్కడ సూచించడం కొంత చికాకే గానీ, శుభ్రం చేసే పనికి ఇది డబ్బు అడగదు. అడిగితే అది నకిలీదని తెలుసుకోవాలి. ఇదే పేరుతో సొమ్ము గుంజిన మోసపు ప్రోగ్రాము గతంలో తిరిగింది. సెర్చ్ ఫలితాల పైభాగంలో ప్రకటనలుగా వచ్చే లింకులను నేరస్థులు వాడుకుంటున్నారని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులోనే హెచ్చరించింది. కనుక మాల్‌వేర్‌బైట్స్ సొంత సైటుకు నేరుగా వెళ్లి దించుకుని, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని డిజిటల్ సిగ్నేచర్స్ కింద ఆ సంస్థ పేరు ఉందని చూసుకున్న తరవాతే తెరవాలి.