మూడుల్‌లో కోర్సులకు పేర్లు: ఆరేళ్ల వాడకం తరువాత

మా కళాశాల ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు నడిచే మూడుల్ సైటు బాధ్యత నా చేతికి వచ్చిన రోజున కోర్సుల జాబితాలో ‘ఫిజిక్స్’, ‘ఫిజిక్స్ కొత్తది’, ‘ఫిజిక్స్ కొత్తది 2’ అని మూడు కనిపించాయి. పాఠం నడుస్తున్నది మాత్రం మొదటిదానిలో. ఆ సెలవుల్లోనే కూర్చుని పేర్లకు ఒక పద్ధతి రాసుకున్నాం. ఆరేళ్లుగా వాడుతున్నది అదే, మధ్యలో రెండుసార్లు దిద్దుకున్నాం.

మూడుల్ ప్రతి కోర్సుకూ పూర్తి పేరు, చిన్న పేరు, ఐడీ నంబర్ అడుగుతుంది. ఐడీ నంబర్ ఇవ్వకపోయినా నడుస్తుంది. చిన్న పేరు మాత్రం సైటు మొత్తంలో ఇంకో కోర్సుకు ఉండకూడదు. పూర్తి పేరుకు ఆ నిబంధన లేదు. ఇది మొదట్లో మా తలకెక్కలేదు. పూర్తి పేరును కత్తిరిస్తే వచ్చేదే చిన్న పేరు అనుకున్నాం. నిజానికి దాని పని వేరు. విద్యార్థులను సీఎస్‌వీ ఫైలుతో (కామాలతో విడదీసిన జాబితా) గంపగుత్తగా చేర్చేటప్పుడు ఎవరు ఏ కోర్సుకు వెళ్లాలో ఆ పేరే చెబుతుంది. బ్యాకప్ ఫైలు పేరులోనూ అదే కనిపిస్తుంది.

అందుకే సెమిస్టర్ మధ్యలో దాని జోలికి పోకూడదు. నేను పోయాను. అన్ని చిన్న పేర్లలో అడ్డగీతలు (-) ఒకే తీరున ఉంటే చూడముచ్చటగా ఉంటుందని ఒక సాయంత్రం సరిచేశాను. మర్నాడు ఆఫీసు పంపిన ఫైలులో పాత పేర్లే ఉన్నాయి, ఒక సెక్షన్‌లో ఒక్క విద్యార్థీ చేరలేదు. తప్పు పూర్తిగా నాది.

ఇప్పుడు మా చిన్న పేరు ‘మ్యాథ్101-2023-1-ఏ’ తీరులో ఉంటుంది: సబ్జెక్టు కోడ్, సంవత్సరం, సెమిస్టర్, సెక్షన్. మొదట్లో సంవత్సరాన్నే ముందు పెట్టేవాళ్లం. కోర్సులను విడదీసి పెట్టే కేటగిరీలు ఎలాగూ సంవత్సరాలవారీగా ఉన్నాయి కదా, అదే మాట పేరు మొదట్లో మళ్లీ ఎందుకు? కోడ్‌ను ముందుకు తెచ్చాక ఒక సబ్జెక్టు పాత కోర్సులన్నీ జాబితాలో పక్కపక్కన నిలుస్తున్నాయి. పోయినేడాది క్విజ్‌లు తెచ్చుకోవాలనుకునే అధ్యాపకులకు కావలసింది అదే.

పూర్తి పేరు మీదే ఎక్కువ వాదనలు జరిగాయి. అందులో తమ పేరు ఉండాలని కొందరు అధ్యాపకులు పట్టుబట్టారు. ఒప్పుకున్నాం. సెమిస్టర్ సగంలో ఒక అధ్యాపకుడు మారారు, కోర్సు మాత్రం చివరిదాకా ఆయన పేరుతోనే తిరిగింది. తరువాత ఆ అలవాటు మానేశాం. సెమిస్టర్‌ను మాత్రం పూర్తి పేరులోనూ రాయాల్సిందే. తప్పిన సబ్జెక్టు మళ్లీ చదివే విద్యార్థికి ఒకే పేరుతో రెండు కోర్సులు కనిపిస్తే పాతదానిలో అసైన్‌మెంట్ పెట్టేస్తాడు. అయితే ఫోను తెరమీద పొడవైన పేరు తోక తెగిపోతుంది. ‘కలన గణితం’ అని కనిపించి, అసలు తేడా చెప్పే భాగం మాయమవుతుంది. అందుకే ‘2023-1 ఏ, కలన గణితం’ అని పూర్తి పేరులో సంవత్సరాన్ని ముందు పెడుతున్నాం. చిన్న పేరుకు ఇది సరిగ్గా తలకిందులు. కొత్తగా వచ్చిన ప్రతి అధ్యాపకుడూ దీని గురించి అడుగుతాడు, ప్రతిసారీ ఫోను తీసి చూపిస్తాను.

ఇంకా తీరని తలనొప్పి ఒకటుంది. పాత కోర్సును బ్యాకప్ నుంచి రిస్టోర్ చేసి కొత్తది తయారుచేసేటప్పుడు పేరు మార్చడం మరిచిపోతే చిన్న పేరు చివర ‘_1’ అని చేరుతుంది. ప్రతి సెమిస్టర్ మొదటి వారం ఆ ‘_1’ కోసం వెతకడం నా పని. పోయినసారి నాలుగు దొరికాయి.