ఎస్కీస్‌తో మొదలుపెట్టి జీజీప్లాట్2లో ముగించండి: ఆర్‌లో గ్రాఫులు గీసే పనిముట్ల రివ్యూ

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర డేటా కోర్సు అంటే పవర్ బీఐ, పైథాన్ పేర్లే ముందు వినపడతాయి. గణాంకాల కోసం వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్ అవసరం వచ్చేది మాత్రం వేరే చోట్ల: రాజేంద్రనగర్‌లో వ్యవసాయ ప్రయోగాల లెక్కలు తీసే విద్యార్థికి, తార్నాకలో పోషకాహార సర్వేలు చూసేవాళ్లకి, పటాన్‌చెరు ఇక్రిశాట్ డేటా మీద థీసిస్ రాసేవాళ్లకి. స్టాటిస్టిక్స్ బాగా వచ్చి, కోడ్ దగ్గర జంకేవాళ్లు వీళ్లలో చాలామంది. ఈ రివ్యూ వాళ్ల కోసం. మౌస్‌తో గ్రాఫు గీసే ఎస్కీస్, కోడ్‌తో గీసే జీజీప్లాట్2, చుక్క మీద మౌస్ ఉంచితే విలువ చూపే ప్లాట్లీ, ఆర్‌కి చేర్చుకునే ఈ మూడు ప్యాకేజీలూ ఉచితమే. డేటాను కళ్లారా చూసుకోవడానికి ఎస్కీస్ చాలా మంచిది. అచ్చుకి వెళ్లే గ్రాఫుని మాత్రం అందులోంచి నేరుగా తీయకండి. అది రాసిచ్చే కోడ్ పట్టుకుని జీజీప్లాట్2లో పూర్తి చేయండి.

ముందు ఇన్‌స్టాల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. విండోస్‌లో ప్యాకేజీ దించుతుంటే "సోర్స్ నుంచి కంపైల్ చేయమంటారా" అని ఆర్ ఒక్కోసారి అడుగుతుంది. వద్దనండి. కంపైల్ చేసే ఆర్‌టూల్స్ లేని మెషీన్‌లో సరే అంటే పది నిమిషాలు ఎర్ర అక్షరాలు పారి చివరికి ఏమీ మిగలదు. ఉబుంటులో తిప్పలు ఇంకో రకం: తెలుగు గ్రాఫులకి కావలసిన ర్యాగ్ ప్యాకేజీకి హార్ఫ్‌బజ్, ఫ్రిబిడి, ఫ్రీటైప్ లైబ్రరీల డెవలప్‌మెంట్ ఫైళ్లు ముందే ఉండాలి. ఆర్ 4.2 కంటే పాతది విండోస్‌లో వాడుతుంటే అది తీసేసి కొత్తది వేసుకోండి. 2022లో వచ్చిన ఆ వెర్షన్ నుంచే విండోస్‌లో అన్ని లిపులనీ పట్టే యూటీఎఫ్-8 సహజంగా నడుస్తోంది. అంతకు ముందైతే తెలుగు అక్షరం బదులు కోణపు బ్రాకెట్లలో యూనికోడ్ సంఖ్యలు కనపడేవి.

ఎస్కీస్ అంటే ఫ్రెంచిలో చిత్తుబొమ్మ. పని కూడా అదే. ఇన్‌స్టాల్ కాగానే ఆర్ కోడ్ రాసుకునే ఆర్‌స్టూడియో యాడిన్స్ మెనూలో జీజీప్లాట్2 బిల్డర్ అని చేరుతుంది. తెరిస్తే ముందు డేటా అడుగుతుంది. మెమరీలో ఉన్న డేటాఫ్రేమ్ (ఆర్ పట్టిక) గానీ, ఫైల్ గానీ, కాపీ చేసి అతికించిన పట్టిక గానీ ఇవ్వొచ్చు. తర్వాత కాలమ్ పేర్లు రంగు బిళ్లల్లా పైన వరసగా వస్తాయి. సంఖ్యలకి ఒక రంగు, వర్గాలకి ఇంకొకటి, తేదీలకి మరొకటి. అందరూ తొందరగా దాటేసేది ఈ రంగుల్నే, డేటా తప్పులు బయటపడేది కూడా ఇక్కడే. వర్షపాతం బిళ్ల వర్గాల రంగులో ఉందంటే ఆ కాలమ్‌లో ఎక్కడో ఒక గడిలో అంకె బదులు చిన్న గీత లాంటిదేదో ఉండి ఉండొచ్చు. ఆ ఒక్క గీత వల్ల ఆర్ కాలమ్ మొత్తాన్నీ అక్షరాలుగా చదివేస్తుంది. సీఎస్‌వీలో మనం రాసే 15-08-2023 కూడా అక్షరాలుగానే వస్తుంది; లూబ్రిడేట్‌లోని డీఎంవై ఫంక్షన్‌తో తేదీగా మార్చాలి. 1,25,000 అని కామాలతో ఉన్న అంకెల్ని రీడార్ ప్యాకేజీలోని పార్స్_నంబర్ సరిచేస్తుంది.

బిళ్లలు లాగి ఎక్స్, వై, ఫిల్ (రంగు), ఫాసెట్ (విడివిడి చిన్న గ్రాఫులు) గడుల్లో వదిలితే గ్రాఫు పడుతుంది. కింద కోడ్ అనే బటన్ ఉంటుంది. ఈ ప్యాకేజీకి ఉన్న విలువంతా ఆ బటన్‌దే. మీరు మౌస్‌తో చేసిన ప్రతి మార్పూ అక్కడ ఒక లైనుగా కనపడుతుంది: థీమ్_మినిమల్ అని, ముదురు నీలం రంగుకి #112446 అని, ఫిల్టర్ పెడితే దానికి డీప్లైర్ (పట్టికల్ని వడకట్టే ప్యాకేజీ) కోడ్. దాన్ని స్క్రిప్టులోకి కాపీ చేసి ఒక్కో లైను తీసేస్తూ నడిపి చూస్తే జీజీప్లాట్2 వ్యాకరణం పట్టుబడటానికి వారం చాలు. పవర్‌పాయింట్‌కి కూడా ఎగుమతి ఉంది, అక్కడికి వెళ్లాక గ్రాఫుని ముక్కముక్కగా దిద్దుకోవచ్చు. దానికి ఆఫీసర్, ఆర్‌వీజీ ప్యాకేజీలు కూడా కావాలి.

లోపాలు లేకపోలేదు. కిటికీ తెరిచి ఉన్నంతసేపూ కన్సోల్ ఏ ఆజ్ఞా తీసుకోదు. హ్యాంగ్ అయిందనుకుని ఆర్‌స్టూడియోని చంపేయకండి. కోడ్ కాపీ చేసుకోకుండా మూసేస్తే చేసిందంతా పోతుంది. గుంపుల వారీ సగటు కావాలంటే డీప్లైర్‌లోని గ్రూప్_బై, సమ్మరైజ్‌లతో ముందే లెక్కగట్టి ఆ పట్టికనే ఇవ్వడం మేలు. చిన్న ల్యాప్‌టాప్ తెర మీద గడులు ఇరుకవుతాయి కాబట్టి వ్యూయర్‌ని బ్రౌజర్ అని పెట్టి తెరవండి.

ఇక తెలుగు. ఇక్కడ మూడు పనిముట్లూ ఒకేలా నడవవు, అందుకే కాస్త ఆగి చూడాలి. జిల్లా పేరు రంగారెడ్డి అని ఇస్తే గ్రాఫు మీద ఒక్కోసారి "రంగారెడ్‌డి" అని పడుతుంది. సిద్దిపేటలో ద వత్తు కిందకి దిగదు. ఫాంట్ తప్పు కాదిది. అక్షరాల్ని కలిపి వత్తు కట్టే పనిని షేపింగ్ అంటారు, ఆ పని గ్రాఫిక్స్ డివైస్, అంటే బొమ్మని తెర మీదో ఫైల్‌లోనో గీసే భాగం, చేయాలి. ర్యాగ్ చేస్తుంది, లోపల హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి. చాలామంది సలహా ఇచ్చే షోటెక్స్ట్ చేయదు; ఒక్కో అక్షరాన్నీ విడివిడి బొమ్మగా గీసి పక్కపక్కన పెడుతుంది, ఇంగ్లిషుకి అది సరిపోతుంది, మనకి చాలదు. మామూలు పీడీఎఫ్ డివైస్ అయితే తెలుగు చోట చుక్కలు పెట్టి ఊరుకుంటుంది.

చేయవలసిన పని చిన్నదే. ఆర్‌స్టూడియోలో టూల్స్, గ్లోబల్ ఆప్షన్స్, జనరల్, గ్రాఫిక్స్‌కి వెళ్లి బ్యాకెండ్‌ని ఏజీజీ (అంటే ర్యాగ్) చేయండి. సిస్టమ్‌లో నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వేసి, థీమ్‌లో బేస్_ఫ్యామిలీగా ఆ పేరు ఇవ్వండి. ర్యాగ్ ఉంటే, గ్రాఫుని ఫైల్‌గా దాచే జీజీసేవ్ పీఎన్‌జీలకి దాన్నే వాడుకుంటుంది. వెడల్పు 16, ఎత్తు 10, యూనిట్స్ సెంటీమీటర్లు, డీపీఐ 300 అని ఇస్తే ఏ4 పేజీకి చక్కగా సరిపోతుంది. యూనిట్స్ మరిచిపోయి వెడల్పు 1600 అంటే పిక్సెళ్లు అనుకోదు, అంగుళాలు అనుకుని 50 దాటాయంటూ ఆపేస్తుంది.

రెండు లైన్ల శీర్షిక పెడితే ఇంకో చిక్కు. జీజీప్లాట్2 థీముల్లో లైన్‌హైట్ 0.9 ఉంటుంది. పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. దాన్ని 1.3 చేయండి. బేస్_సైజ్ 11 కూడా మనకి తక్కువ; 13 పెడితే వత్తులు చదవగలిగేలా ఉంటాయి. బొమ్మ లోపల పేర్లు రాసే జియోమ్_టెక్స్ట్‌కి మాత్రం సైజు మిల్లీమీటర్లలో ఇవ్వాలి. అక్కడ 13 అంటే గోడపత్రిక అక్షరాలు వస్తాయి, 4 చాలు.

నెలల పేర్లు తెలుగులో ఉంటే ఎక్స్ అక్షం అక్టోబర్, ఆగస్టు, ఏప్రిల్, జనవరి అంటూ మొదలవుతుంది, అక్షరక్రమం ప్రకారం. ఫైల్‌లో నెలలు సరైన వరసలోనే ఉంటే ఫోర్‌క్యాట్స్ ప్యాకేజీలోని ఎఫ్‌సీటీ_ఇన్ఆర్డర్ ఒక్కటి చాలు. లక్షల దగ్గర అయితే అక్షం మీద 1ఈ+05 అని పడుతుంది. అది సరిగ్గా మన ఒక లక్షే, కానీ చదివేవాళ్లకి అలా అర్థం కాదు. స్కేల్స్ ప్యాకేజీలో లేబుల్_నంబర్‌కి స్కేల్ 0.00001 అనీ, సఫిక్స్ లక్షలు అనీ ఇవ్వండి. లేబుల్_కామా వద్దు, అది మూడేసి అంకెలకి కామా పెట్టి 1,250,000 చేస్తుంది.

జిల్లాల మ్యాపుకి జీజీప్లాట్2లోని జియోమ్_ఎస్ఎఫ్ నమ్మకంగా పనిచేస్తుంది. తప్పులు డేటా కలిపే దగ్గరే వస్తాయి. తెలంగాణ 2014లో 10 జిల్లాలు, 2016 అక్టోబర్‌లో 31, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు, నారాయణపేటలతో 33. పాత షేప్‌ఫైల్‌కి (జిల్లాల సరిహద్దులున్న ఫైల్) కొత్త పట్టిక కలిపితే ఆ రెండూ చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. గ్రాఫు గీసే ముందు యాంటీ_జాయిన్ (జోడీ దొరకని వరసల్ని చూపే ఫంక్షన్) నడిపి సున్నా వరసలు వచ్చాయో లేదో చూడండి. పేర్లు తెలుగులో ఉంటే మరో గుంట ఉంది: మహబూబ్‌నగర్ చివర ర్ తర్వాత ఒక ఫైల్‌లో కంటికి కనపడని, అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు ఉండొచ్చు, ఇంకోదాంట్లో లేకపోవచ్చు. తెర మీద రెండూ ఒకటే, ఆర్‌కి వేరువేరు. స్ట్రింగ్ ట్రిమ్ దాన్ని తీయదు, అది ఖాళీ కాదు కాబట్టి. కలిపే కాలమ్‌ని కాపీ చేసి, రెండు పక్కలా ఆ గుర్తుని (యూనికోడ్ 200సి) తొలగించి దాని మీద జాయిన్ చేయండి, లేబుల్‌కి అసలు కాలమే ఉంచండి. ఎందుకంటే మహబూబ్‌నగర్‌లో బ్ తర్వాత ఉన్నది తీసేస్తే న వత్తుగా మారిపోతుంది. జాయిన్‌లో మ్యాపు ఎడమ పక్కే ఉండాలి.

ప్లాట్లీ గురించి తక్కువే చెప్పాలి. పూర్తయిన గ్రాఫుని జీజీప్లాట్లీ ఫంక్షన్‌లో పెడితే చుక్క మీద మౌస్ ఉంచగానే విలువ చూపిస్తుంది. తెలుగు వత్తుల బాధ లేదు, రాసేది బ్రౌజర్ కాబట్టి. ఉపశీర్షిక, కింది క్యాప్షన్ మాత్రం రావు. డేటా ఎక్కడిదో క్యాప్షన్‌లో రాసుంటే దాన్ని శీర్షికలో మళ్లీ ఇవ్వాలి. సేవ్‌విడ్జెట్‌తో ఒకే హెచ్‌టీఎంఎల్‌గా దాస్తే చిన్న గ్రాఫు కూడా 3, 4 ఎంబీ అవుతుంది, ప్లాట్లీ లైబ్రరీ మొత్తం లోపలికి వస్తుంది గనక. పది గ్రాఫులు పంపాలంటే పది ఫైళ్లు వద్దు, ఒకే ఆర్ మార్క్‌డౌన్ పేజీలో పెట్టండి, లైబ్రరీ ఒక్కసారే చేరుతుంది.