ఒకే పేరు, రెండు వెర్షన్లు: లిబ్‌బీపీఎఫ్ 1.3 యూప్రోబ్ సదుపాయంపై సమీక్ష

లినక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రామును ఆపకుండానే, అది లైబ్రరీలోని ఏ ఫంక్షన్‌ను ఎప్పుడు పిలుస్తోందో చూపే ట్రేసింగ్ సాధనాలకు కొదవ లేదు. కానీ లైబ్రరీలో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉన్నప్పుడు ఆ సాధనం ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. గచ్చిబౌలిలోని మా ఆఫీసులో సెంటాస్ 7 మీద బిల్డ్ చేసిన ఒక పాత రిపోర్టింగ్ ప్రోగ్రాము ఇప్పుడు ఉబుంటు 22.04 సర్వర్ల మీద నడుస్తోంది. దాన్ని ట్రేస్ చేయడానికి లినక్స్ కెర్నెల్‌లోని బీపీఎఫ్ సదుపాయాన్ని వాడుకోవడానికి తోడ్పడే లైబ్రరీ లిబ్‌బీపీఎఫ్‌లో, 2023లో విడుదలైన 1.3ను వాడుతున్నాము. ప్రోగ్రాము లేదా లైబ్రరీలోని ఫంక్షన్ మీద ఇలా పెట్టే నిఘా బిందువునే (ప్రోబ్) యూప్రోబ్ అంటారు.

మాకు కావలసిన ఫంక్షన్, మెమరీలోని డేటాను ఫైలులా తెరిచే ఎఫ్‌మెమ్‌ఓపెన్. లినక్స్ ప్రామాణిక సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.22లో దీన్ని తిరగరాసి బైనరీ మోడ్‌ను తొలగించారు. అయితే అప్పటికే బిల్డ్ అయి ఉన్న ప్రోగ్రాములు దెబ్బతినకుండా పాత కోడ్‌ను కూడా అదే పేరుతో, జీలిబ్‌సీ_2.2.5 అన్న వెర్షన్ గుర్తుతో లైబ్రరీలోనే ఉంచారు. సెంటాస్ 7లో ఉన్నది జీలిబ్‌సీ 2.17 కనుక మా ప్రోగ్రాము పాత కోడ్‌నే పిలుస్తుంది, అదే సర్వరులో కొత్తగా బిల్డ్ చేసినది కొత్త కోడ్‌ను పిలుస్తుంది. తప్పు వెర్షన్ మీద ప్రోబ్ పెడితే ఎర్రర్ ఏదీ రాదు, పిలుపుల లెక్క మాత్రం సున్నా చూపిస్తుంది.

కేవలం పేరు ఇచ్చినప్పుడు లిబ్‌బీపీఎఫ్ ఏదో ఒకదాన్ని ఊహించి ప్రోబ్ పెట్టకుండా, ఒకటికి మించి సరిపోలుతున్నాయని చెప్పి ఆగిపోవడం నాకు బాగా నచ్చిన గుణం. నచ్చనిది ఆ హెచ్చరిక రాసిన తీరు: ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుందే తప్ప, ఏయే వెర్షన్లున్నాయో అందులో ఉండదు. వాటి కోసం మళ్ళీ బైనరీ ఫైళ్ళలోని వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్ సాధనాన్ని తెరవవలసిందే. అక్కడ @@ ఉన్నది కొత్తగా లింకయ్యే ప్రోగ్రాములకు దక్కే వెర్షన్, ఒక్క @ ఉన్నది పాతవాటి కోసం నిలిపినది. మన ప్రోగ్రాము దేన్ని అడుగుతోందో దాని సొంత సింబల్ టేబుల్లోనే (ఫంక్షన్ల వంటి పేర్ల పట్టిక) రాసి ఉంటుంది. అమీర్‌పేట కోర్సులు చేసి వచ్చిన మా కుర్రాళ్ళకు ఈ మెట్టు దగ్గరే ఎక్కువ సమయం పడుతోంది.

వెర్షన్ తెలిశాక పేరు పక్కన @ పెట్టి జోడిస్తే సరిపోతుంది. డైనమిక్ సింబల్ పేరులో వెర్షన్ అతికి ఉండదు, దాని సంఖ్య .జీఎన్‌యూ.వెర్షన్ సెక్షన్‌లో, ఆ సంఖ్యకు చెందిన పేరు .జీఎన్‌యూ.వెర్షన్_డీ సెక్షన్‌లో ఉంటాయి. పేరు చివరనే వెర్షన్ ఉంటుందన్న పాత అంచనాను వదిలి, 1.3 ఈ సెక్షన్లను చదువుతుంది కాబట్టి స్ట్రిప్ చేసిన (అదనపు సింబల్ పేర్లు తీసేసిన) లైబ్రరీలతోనూ పని జరుగుతుంది. జీలిబ్‌సీ 2.34లో పీథ్రెడ్ లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపినప్పుడు కొన్ని ఫంక్షన్లకు రెండు వెర్షన్లు వచ్చినా చిరునామా ఒకటే; అలాంటి చోట అడ్డు చెప్పకుండా ప్రోబ్ పెడుతుంది.

మెమ్‌కాపీ లాంటి ఐఫంక్‌ల (అసలు కోడ్ నడిచే సమయంలోనే ఎంపికయ్యే ఫంక్షన్లు) దగ్గర మాత్రం ఈ వెర్షన్ జోడింపు అక్కరకు రాదు, ఎందుకంటే ఆ సింబల్ చూపేది ప్రాసెసర్‌కు తగిన కోడ్‌ను ఎంచే భాగాన్నే. లినక్స్‌లోని మరో ట్రేసింగ్ సాధనం పెర్ఫ్ ప్రోబ్‌కు అలవాటుపడినవారు ఒకటి గమనించాలి: అక్కడ @ తర్వాత సోర్స్ ఫైలు పేరు వస్తుంది కనుక వెర్షన్‌కు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, ఇక్కడ ఆ బాధ లేదు.

ఉబుంటు 22.04లో ప్యాకేజీగా వచ్చేది లిబ్‌బీపీఎఫ్ 0.5 కాబట్టి, 1.3ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి మీ సాధనంలోకి స్టాటిక్‌గా (దానిలోనే కలిసిపోయేలా) లింక్ చేసుకోవలసి ఉంటుంది.