నగర అగ్నిమాపక శాఖ: మా మెట్ల దగ్గర మంట రేగిన రాత్రి చూసిన పనితీరు

మా భవనంలో రెండో అంతస్తు మెట్ల పక్కనున్న కరెంటు మీటర్ల బోర్డు అర్ధరాత్రి అంటుకోవడంతో, అగ్నిమాపక శాఖ పనిని నేను మొదటిసారి దగ్గరి నుంచి చూశాను. ఫైరింజన్ ఎన్ని నిమిషాల్లో వచ్చిందన్న లెక్కతోనే ఈ శాఖను తూచడం మనకు అలవాటు. ఆ లెక్కలో వీరికి మంచి మార్కులే పడతాయి గానీ, అసలు నేర్పు నీళ్లు వదలకముందూ మంట ఆరిన తరువాతా కనిపించింది.

కంట్రోల్ రూమ్ ఉద్యోగిని చిరునామా తీసుకుని బండ్లను పంపించి, ఫోన్ పెట్టేయనివ్వకుండా మంట ఏ అంతస్తులో ఉందో, ఎవరైనా చిక్కుకున్నారో అడిగారు. మెట్ల నిండా పొగ ఉందని చెప్పగానే, దిగే ప్రయత్నం చేయవద్దని, తలుపు మూసి కింది సందులో తడిగుడ్డ కుక్కి బాల్కనీలో నిలబడమని చెప్పారు. అప్పటికే నేను చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాను. మంటకన్నా పొగే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంటుందని చదివి ఉన్నా, ఆ క్షణంలో కాళ్లు ఆ మాట వినవు.

సిబ్బంది దిగగానే పైపులు విప్పుతారనుకుంటే, అధికారి ముందు భవనం చుట్టూ తిరిగి చూసి, కరెంటు తీయించి, ఆ తరువాతే ఇద్దరిద్దరిని లోపలికి పంపారు. వారి వీపున ఉండే సిలిండర్‌ను అందరూ ఆక్సిజన్ అంటారు గానీ, అందులో ఉండేది ఒత్తిడితో నింపిన మామూలు గాలే. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో, ఎవరి సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందో ఒకాయన గుమ్మం దగ్గరే నిలబడి పలక మీద రాస్తూ ఉన్నారు.

మంట త్వరగానే ఆరింది. ఎక్కువ సమయం ఆ తరువాతి వెతుకులాటకే పట్టింది. థర్మల్ కెమెరాతో గోడలన్నీ చూశాక కూడా ఒక చోట అనుమానం తీరక, ఒక ఫైర్‌మ్యాన్ గ్లవ్ తీసి చేతి వెనుక భాగంతో గోడను తాకి, అక్కడి ప్యానెల్‌ను ఊడదీయించారు. లోపలి చెక్క పట్టీ ఇంకా కణకణలాడుతోంది. దాన్ని అలాగే వదిలి వెళ్లి ఉంటే తెల్లవారేలోగా మళ్లీ అంటుకునేది.

లిఫ్టులో ఇరుక్కున్నవారిని తీయడం, నుజ్జయిన వాహనాలను కోసి మనుషులను బయటకు తేవడం కూడా ఈ శాఖ పనులే. అవి నేను చూడలేదు కాబట్టి వాటికి మార్కులు వేయను.

ఫిర్యాదల్లా కార్యాలయం మీదే. బీమాకు అవసరమైన ప్రమాద నివేదిక కోసం మూడుసార్లు తిరిగాను. వదులైన స్క్రూ దగ్గర తీగ వేడెక్కి మంట పుట్టిందని ఆ రాత్రి అధికారి టార్చి వేసి మరీ నాకు చూపించారు. చేతికొచ్చిన కాగితంలో మాత్రం 'షార్ట్ సర్క్యూట్' అన్న ఒక్క మాటే ఉంది. మిగతా బోర్డుల్లోని స్క్రూలను మేమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బిగించుకున్నాం.