క్లాష్ ఆఫ్ క్లాన్స్: వార్ నడిపించేవాడి వైపు నుంచి

క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోన్ గేమ్ గురించి తెలుగులో వినబడే మాటలన్నీ ఏ ఆర్మీతో ఏ బేస్ (గేమ్‌లో ఆటగాడు కట్టుకున్న ఊరు) కొట్టాలి, టౌన్‌హాల్ (ఆ ఊరిలో ముఖ్యమైన భవనం) ఎప్పుడు పెంచాలి అన్నవాటి చుట్టూనే తిరుగుతుంటాయి. నేను చెప్పబోయేది వేరే. ప్రొద్దుటూరులో మందుల షాపులో పని చేసుకుంటూ ఏళ్ల తరబడి ఒక క్లాన్‌కు, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల జట్టుకు, లీడర్‌గా ఉన్నాను. రెండు క్లాన్ల మధ్య జరిగే వార్‌లో కొట్టేవాడికి కాక, కొట్టించేవాడికి ఈ గేమ్ ఎట్లా ఉంటుందో రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను. పదిమందిని కూడగట్టి ఒక పని చేయించడం ఇష్టమున్నవాళ్లకు ఫోన్‌లో ఇంతకు మించిన గేమ్ నాకు కనబడలేదు. అయితే ఆ పనికి కావలసిన వసతులు గేమ్‌లో చాలా తక్కువ. మిగతావి లీడరే అమర్చుకోవాలి.

ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో ఉన్న సూపర్‌సెల్ కంపెనీ దీన్ని 2012 ఆగస్టులో ఐఫోన్లకు, 2013 అక్టోబరులో ఆండ్రాయిడ్‌కు విడుదల చేసింది. మా వైపు అందరి చేతిలో ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి మాకు కథ అక్కడి నుంచే మొదలు. 2014 ఏప్రిల్‌లో క్లాన్ వార్ వచ్చింది. అంతకు ముందు క్లాన్ అంటే ఒకరికొకరు సైన్యం ఇచ్చుకోవడం, చాట్‌లో కబుర్లు చెప్పుకోవడం, అంతే. వార్ వచ్చాకే లీడర్ అన్న మాటకు పని పుట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. క్లాన్‌లో 50 మంది దాకా ఉండొచ్చు. వార్‌కు అయిదుగురి నుంచి 50 మంది దాకా దించొచ్చు, మేము ఎక్కువగా 15 మందితో ఆడతాం. మొదట సుమారు ఒక రోజు ప్రిపరేషన్, ఆ తర్వాత 24 గంటలు బ్యాటిల్ డే. ఒక్కొక్కరికి రెండు ఎటాక్‌లు, ఒక్కో ఎటాక్‌కు మూడు నిమిషాలు. బేస్‌లో సగం పడగొడితే ఒక స్టార్, టౌన్‌హాల్ పడితే ఒకటి, మొత్తం నేలమట్టమైతే మూడోది. ఒక్కో బేస్ మీద జరిగిన ఎటాక్‌లలో మంచిదే లెక్కలోకి వస్తుంది. స్టార్లు సమానమైతే ఎంత శాతం కూల్చామన్నది చూస్తారు.

ఈ నియమాల్లో అన్నిటికన్నా తెలివైనది ఆ రెండో ఎటాక్. ఒక్కటే ఇచ్చి ఉంటే వార్ నడపడానికి లీడర్‌కు ఏమీ మిగిలేది కాదు, ఎవరికి తోచింది వాళ్లు కొట్టి వెళ్లిపోయేవాళ్లు. రెండుండబట్టే మొదటిదాన్ని శత్రువు గుట్టు తెలుసుకోవడానికి వాడుకోవచ్చు. వార్ బేస్‌లో దాచిన టెస్లాలు (కరెంటుతో కొట్టే స్తంభాలు), బాంబులు, కాజిల్‌లో, అంటే బేస్‌లోని కోటలో, సాటివాళ్లు ఇచ్చి ఉంచిన సైన్యం బయటికి కనబడవు. ఎవరో ఒకరు పోయి కొడితేనే బయటపడతాయి, తర్వాతి ఎటాక్‌కు మళ్లీ అదే చోట సిద్ధంగా ఉంటాయి. అందువల్ల మొదటివాడు ఓడినా వాడి రీప్లే (ఆ ఎటాక్ వీడియో) మాకు ఆస్తే. చిన్న టౌన్‌హాల్ ఉన్న పిల్లోడు పెద్ద బేస్ మీద ఒక్క స్టార్‌తో తిరిగొచ్చినా, వాడి వెనక పోయేవాడికి దారి దొరుకుతుంది. బలహీనుడి చేత కూడా పనికొచ్చే పని చేయించుకోగలిగే యుద్ధం గేముల్లో అరుదు.

ఒక వార్ చెప్తాను. బలం వరుసలో అవతలి రెండో నంబర్ బేస్ మీదికి కడపలో ఇంజనీరింగ్ చదివే మా పిల్లోడిని పంపినాను. డ్రాగన్లతో పోయి ఒక్క స్టార్‌తో వచ్చినాడు. చాట్‌లో "సారీ అన్నా" అని పెట్టి మాయమైపోయినాడు. మా కో-లీడర్ మైదుకూరు వైపు ఒక బడిలో టీచర్, అందరం అక్కా అనే పిలుస్తాం. ఆమె ఆ రీప్లే మళ్లీ మళ్లీ చూసింది. పై మూలలో టెస్లాలన్నీ ఒకే చోట లేచినాయి. కాజిల్‌లోంచి లావా హౌండ్ (ఎంత కొట్టినా తొందరగా చావని ఎగిరే జంతువు) వచ్చింది. కింది మూలలో మాత్రం గాల్లో పేలే ట్రాప్ ఒక్కటీ బయటపడలేదు. ఆమె స్క్రీన్‌షాట్ మీద గీతలు గీసి కువైట్‌లో ఉన్న రాయచోటి అన్నకు పంపింది: "అన్నా, కింద నుంచే రా. ముందు హీరోలతో ఆ పక్క ఎయిర్ డిఫెన్స్ తీసెయ్. బెలూన్లు తర్వాత ఇడువు." ఆయన లావలూన్ (లావా హౌండ్లు, బెలూన్లు కలిపి కొట్టే ఎటాక్) వేయడంలో చెయ్యి తిరిగినవాడు. మూడు స్టార్లు తెచ్చినాడు. పిల్లోడికి ఆ రాత్రే ఫోన్ చేసి, ఆ మూడింటిలో నీ వంతు ఉంది అబ్బీ అని చెప్పినాను. తర్వాతి వార్‌కు అందరికన్నా ముందు వాడే సరేనన్నాడు.

అదే వార్ చివరికి రెండు వైపులా 43 స్టార్ల దగ్గర ఆగింది. అప్పుడు శాతం పనికొచ్చింది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు ఒకడు షిఫ్టు దిగి వచ్చి, అప్పటికే రెండు స్టార్లు పడిన బేస్‌నే మళ్లీ కొట్టి 88 శాతాన్ని 97 చేసినాడు. చూసేవాళ్లకు అది వృథా ఎటాక్‌లా ఉంటుంది, స్టార్ పెరగలేదు గదా. గెలిపించింది అదే. ఆఖరి గంటకు ఇద్దరు ముగ్గురి ఎటాక్‌లు చేతిలో ఉంచుకోమని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఇక అసలు కష్టం టైము. మా క్లాన్‌లో షిఫ్టులు చేసేవాళ్లున్నారు, షాపుల్లో రాత్రి దాకా నిలబడేవాళ్లున్నారు, కాలేజీ పిల్లోళ్లున్నారు, కువైట్‌లో ఇంటి డ్రైవర్లుగా ఉన్న రాయచోటి, రాజంపేట అన్నలున్నారు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ సెలవు శుక్రవారం, ఇక్కడ ఆదివారం. వార్‌కు ఫలానా టైముకు మొదలు కావాలని గేమ్‌లో ముందే పెట్టుకునే వీలు లేదు. మనం సర్చ్ కొట్టి, ఎదురు క్లాన్ జోడీగా దొరికిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. కాబట్టి సర్చ్ ఎప్పుడు కొట్టాలన్నదే లీడర్ చేసే మొదటి వ్యూహం. బుధవారం రాత్రి షాపు కట్టేసినాక కొడితే గురువారం రాత్రి బ్యాటిల్ మొదలై శుక్రవారం రాత్రికి ముగుస్తుంది, అది కువైట్ అన్నల వార్. శుక్రవారం రాత్రి కొడితే ఆదివారం రాత్రికి అయిపోతుంది, అది ఇక్కడివాళ్లది. ఈ రెండు వార్లకు రెండు జాబితాలు వేరేగా పెట్టుకున్నాక, ఎటాక్ చేయకుండా వదిలేసేవాళ్లు చాలా తగ్గిపోయినారు. అంతకు ముందు బద్ధకం అనుకున్నది చాలావరకు టైము కుదరకపోవడమే.

రంజాన్ నెలలో మా ముస్లిం సభ్యులు సహరికి లేస్తారు. తెల్లవారుజామున, ఊరంతా నిద్రపోయే వేళ, మా ఎటాక్‌లు పడుతుంటాయి. అవతలి క్లాన్ లేచి చూసేసరికి స్కోరు మారిపోయి ఉంటుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షలప్పుడు పిల్లోళ్ల షీల్డు ఎర్రగా మార్చుకోమంటాను. ఆకుపచ్చ షీల్డుంటే వార్‌కు సిద్ధమని, ఎరుపైతే కాదని గుర్తు. దసరా పది రోజులు మాకు వార్ లేదు. ప్రొద్దుటూరు దసరా చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

ప్రిపరేషన్ రోజును తేలిగ్గా తీసుకునే లీడర్లను చాలామందిని చూసినాను. ఆ రోజే వార్ సగం తేలిపోతుంది. ప్రతి బేస్ కాజిల్‌లో కాపలా సైన్యం నింపాలి, అదీ పై లెవెల్ వాళ్ల చేత. లావా హౌండ్, ఐస్ గోలెం లాంటివి ఉంటే శత్రువుకు మూడు నిమిషాల్లో చాలా భాగం వాటితోనే పోతుంది. పైగా ప్రతి ఎటాక్‌కూ అవి మళ్లీ పుట్టుకొస్తాయి. ఖాళీ కాజిల్‌తో వార్‌కు పోవడం అంటే తలుపు తీసిపెట్టి ఊరికి పోవడమే. మేము పదిహేను పేర్లు నోట్‌బుక్‌లో రాసి, కాజిల్ నిండినవాళ్ల పక్కన టిక్కు పెడతాం. జనానికి కాగితం పాతకాలపు పద్ధతిలా కనబడుతుంది, నాకు మాత్రం అదే నమ్మకం.

ఎవరు ఎవర్ని కొట్టాలన్న దాని మీద రెండు పద్ధతులున్నాయి. ఒకటి మిర్రర్, అంటే మన నంబరుకు ఎదురుగా ఉన్న నంబర్నే కొట్టడం. కొత్త క్లాన్‌కు అది మేలు, గొడవ ఉండదు. రెండోది మనిషిని బట్టి బేస్ ఇవ్వడం. గాల్లో కొట్టేవాడికి ఎయిర్ డిఫెన్స్‌లు ఒక పక్కకు గుమికూడిన బేస్, హాగ్ రైడర్లు (పందుల మీద గోడలు దూకిపోయే సైనికులు) వేసేవాడికి జెయింట్ బాంబులకు చోటు లేని బేస్. మేము రెండోదానికి మారినాం, మళ్లీ వెనక్కి పోలేదు. దీనికి లీడర్ ప్రతివాడి చేతివాటం తెలుసుకోవాలి, అది రీప్లేలు చూడకుండా రాదు. ఫ్రెండ్లీ చాలెంజ్‌లో సాటివాళ్ల బేస్‌ల మీద కొట్టి చూసుకోవచ్చు, ఖర్చేమీ ఉండదు. 2025 మార్చిలో సైన్యం తయారయ్యే టైము పూర్తిగా ఎత్తేశాక ఈ సాధన ఇంకా సులువైంది. అంతకు ముందు ఒక ఎటాక్ అయ్యాక రెండోదానికి ఆర్మీ తయారయ్యేదాకా ఎదురుచూడాలి, ఆ లోపల వాడికి షిఫ్టు టైము వచ్చేసేది. ఇన్నేళ్లలో లీడర్లకు సూపర్‌సెల్ చేసిన పెద్ద మేలు ఇదే అంటాను.

2018 అక్టోబరులో వచ్చిన క్లాన్ వార్ లీగ్ గురించి నా మాట అంత మెత్తగా ఉండదు. నెల మొదట్లో పేరు నమోదు, ఎనిమిది క్లాన్లు, ఏడు రోజుల్లో ఏడు వార్లు, మనిషికి రోజుకు ఒక్కటే ఎటాక్. పైన నేను మెచ్చుకున్న రెండో ఎటాక్ ఇక్కడ లేదు. పొరపాటు దిద్దుకునే అవకాశమూ లేదు, చిన్నవాణ్ణి ముందు పంపి గుట్టు లాగే వీలూ తక్కువ. బలమైనవాళ్లే పదిహేనుగురు దిగాలి, మిగతావాళ్లు కూర్చోవాలి. దినదినం జాబితా మార్చుకోవచ్చు కాబట్టి మేము అందరికీ ఒకటి రెండు రోజులు ఇస్తాం. దానివల్ల కొన్నిసార్లు లీగ్‌లో కిందికి జారినాం కూడా. జారినా సరే అని క్లాన్‌లో అందరం కలిసి నిర్ణయించుకున్నదే అది.

లీగ్‌లో అసలు మంట పుట్టించేది బోనస్ మెడల్స్. కొద్దిమందికి అదనపు మెడల్స్ ఇచ్చే అధికారం లీడర్ చేతిలో ఉంటుంది. 120 మెడల్స్‌కు ఒక బిల్డింగ్ హామర్ వస్తుంది, దాంతో రోజుల తరబడి సాగే అప్‌గ్రేడ్ ఒక్క దెబ్బకు పూర్తవుతుంది. అంటే ఇది నిజంగా విలువైన బహుమతి. ఎక్కువ స్టార్లు తెచ్చినవాడికే ఇస్తే ఎప్పుడూ ఆ నలుగురే తీసుకుంటారు. లీగ్ మొదలయ్యే ముందే రూలు రాసి గ్రూపులో పెట్టేయాలి. మాది ఇది: ఒక్క ఎటాక్ కూడా వదలనివాళ్ల పేర్లు వరుసగా, పోయిన నెల తీసుకున్నవాళ్లు వరుస చివర. అప్పటి నుంచి "నాకెందుకు రాలేదన్నా" అనే ఫోన్లు ఆగిపోయినాయి.

గేమ్‌లో లేనివి చెప్పాలంటే చాలానే ఉన్నాయి. ఎవరు ఏ గంటలో ఖాళీగా ఉంటారో పెట్టుకునే చోటు లేదు. పాత చాట్ కింద పడిపోతుంది, నిన్న చెప్పింది ఇవాళ దొరకదు. లీడర్, కో-లీడర్లు క్లాన్ మెయిల్ పంపొచ్చు గానీ అది చదివినారో లేదో తెలియదు. అందుకే మా పనంతా వాట్సాప్ గ్రూపులో. ఆ గ్రూపులో నేను ఒకే ఒక్క కట్టుబాటు పెట్టినాను: ఓడిన ఎటాక్ గురించి అందరి ముందు మాట్లాడకూడదు, ఏదున్నా వాళ్లతో విడిగా. పది స్టార్లు పోతే తర్వాతి వార్‌లో వస్తాయి. మనిషి పోతే రాడు.

డబ్బు సంగతి. రూపాయి పెట్టకుండా ఆడొచ్చు, మా క్లాన్‌లో సగానికి పైగా అట్లాంటివాళ్లే. పైసలు పెట్టినవాళ్లకు బేస్ తొందరగా పెరుగుతుంది, అది నిజం. కానీ జోడీ కుదిర్చేటప్పుడు రెండు వైపుల బలం చూస్తారు కాబట్టి పెద్ద బేస్‌కు పెద్ద బేసే ఎదురవుతుంది. డబ్బు ఎటాక్ నేర్పించదు. ఇంట్లో పెద్దవాళ్ల భయం ఇంకోటి. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించినప్పుడు దీన్ని కూడా అదే గాటన కట్టేసినారు. ఆ ఏడాది జూన్‌లో కేంద్రం ఆపేసిన 59 యాప్‌లలో క్లాష్ ఆఫ్ కింగ్స్ ఉండటంతో, పేరు దగ్గరగా ఉందని మరికొంత గందరగోళం. ఇందులో పందెం లేదు, గెలిస్తే చేతికి పైసా రాదు. మా పిల్లోళ్ల నాన్నలకు నేనే ఫోన్ చేసి ఈ మాట చెప్పినాను, పరీక్షలప్పుడు వార్‌కు దించనని కూడా చెప్పినాను.

కో-లీడర్‌గా ఎవర్ని పెట్టాలన్నది చివరి మాట. కో-లీడర్ వార్ మొదలుపెట్టగలడు, సభ్యుల్నీ, వాళ్లకన్నా ఒక మెట్టు పైనుండే ఎల్డర్లనూ బయటికి పంపగలడు. బాగా కొడతాడని మాత్రమే ఆ పదవి ఇస్తే క్లాన్ మిగలదు. కోపం ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఇవ్వాలి. మా ఇంట్లో పెళ్లి పనుల్లో పడి నేను వార్లు చూసుకోలేకపోయినప్పుడు లీడర్ పదవే అక్కకు అప్పగించినాను, గేమ్‌లో ఒక్క నొక్కుతో అయిపోతుంది. పెళ్లి అయినాక తిరిగి ఇస్తానంది, నేనే వద్దన్నాను. ఆదివారం వార్ ఆమెది, శుక్రవారం కువైట్ వార్ నాది. ఈ వారం ఆమె వైపు ముగ్గురికి రాత్రి షిఫ్టు పడింది, కాబట్టి నా జాబితాలోంచి ఇద్దరిని అటు పంపాలి.